సెకండ్ హ్యాండ్ వెస్పా కొంటున్నారా, ముందు రేకు తట్టి చూడండి

తార్నాక నుంచి బేగంపేట ఆఫీసుకి రోజూ వెళ్ళి రావడానికి నాకో స్కూటర్ కావాల్సి వచ్చింది. గుండ్రటి హెడ్‌లైట్ ఉండాలి, ఒళ్ళంతా వంపులు ఉండాలి, పాతకాలం కళ ఉండాలి, కొత్త బండి రేటు మాత్రం పెట్టను. ఇదీ నా లెక్క. మెట్రో ఉంది కదా అని చాలామంది అడిగారు, ఉంది, తార్నాకలో ఎక్కితే బేగంపేటలో దిగొచ్చు, వానలప్పుడు నేను ఎక్కేది కూడా అదే, కానీ సాయంత్రం పాపని డ్యాన్స్ క్లాస్ నుంచి తీసుకురావాలి, దార్లో కూరగాయలు, మందుల షాపు, ఒక్కోరోజు సీతాఫల్‌మండిలో అత్తయ్య వాళ్ళిల్లు, ఇవన్నీ మెట్రోతో అయ్యే పనులు కావు.

అందం కోసం బండి కొనడమేంటి అని కూడా అన్నారు. నాకైతే అందులో తప్పేమీ కనిపించలేదు. రోజూ పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఆ బండి మొహం చూడాలి, ట్రాఫిక్‌లో గంటల తరబడి దాని మీదే కూర్చోవాలి, అలాంటప్పుడు చూడగానే మనసుకి హాయిగా ఉండే బండి కావాలనుకోవడం అవసరమే, విలాసం కాదు. కాకపోతే అందం చూసి కొనేటప్పుడు ఆ అందం కింద ఏముందో చూసే ఓపిక కూడా ఉండాలి. నేను వెతుకుతున్నప్పుడు తెలుగులో ఎక్కడ చూసినా మైలేజీ ఎంత, పికప్ ఎలా ఉంది, ఇవే మాటలు. ఫైబర్ బాడీ స్కూటర్ కొనేవాళ్ళకి అవి చాలు. రేకు బాడీ బండి కొనేవాళ్ళు చూసుకోవాల్సిన వరుసే వేరు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

ముందు ఏమేం చూశానో చెప్తా. యమహా ఫసీనో, 2015లో వచ్చింది, మొదట 113 సీసీ, తర్వాత 125 ఇంజిన్‌తో ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది, ఆ 125 బరువు 99 కిలోలే, ఆడవాళ్ళకి స్టాండ్ వేయడం, సెల్లార్‌లో ఇరుకులో తిప్పుకోవడం చాలా సులువు, చూడ్డానికి ముద్దుగానే ఉంటుంది. సుజుకి యాక్సెస్, అది రెట్రో అని పూర్తిగా అనలేం కానీ క్రోమ్ అద్దాలు అవీ ఉంటాయి, ఇంజిన్ విషయంలో ఎవర్నడిగినా మంచి మాటే చెప్తారు. బజాజ్ వాళ్ళు 2019 చివర్లో చూపించి 2020లో అమ్మడం మొదలుపెట్టిన ఎలక్ట్రిక్ చేతక్ నాకు బాగా నచ్చింది, రేకు బాడీ, నిండుగా ఉంటుంది, కానీ మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఛార్జింగ్ పాయింట్ పెట్టుకోవడానికి అసోసియేషన్ వాళ్ళింకా ఒప్పుకోలేదు, సెకండ్ హ్యాండ్‌లో బ్యాటరీ ఎంత మిగిలి ఉందో తెలుసుకోవడం నాలాంటి వాళ్ళ వల్ల అయ్యే పని కాదు, అందుకని వదిలేశా. చివరికి మనసు వెళ్ళి వెస్పా దగ్గరే ఆగింది.

ఖమ్మంలో ఉండే మా నాన్నకి ఫోన్ చేసి చెప్పా. ఆయన చిన్నప్పుడు వాళ్ళ బాబాయి దగ్గర ఆల్విన్ పుష్పక్ ఉండేదట, మన హైదరాబాద్ ఆల్విన్ వాళ్ళు లాంబ్రెట్టా డిజైన్‌తో చేసిన బండి. తర్వాత నాన్న సొంతంగా బజాజ్ చేతక్ కొనుక్కున్నాడు, దాన్ని పక్కకి వంచి కిక్ కొట్టడం నాకిప్పటికీ గుర్తుంది. ఆయన ఫోన్‌లో ఒకటే మాట చెప్పాడు, "వెస్పా అంటే మన చేతక్ వంశమేనమ్మా, దానికి లోపల ఛాసిస్ అని వేరే ఉండదు, రేకే ఛాసిస్, ఇంజిన్ ఎప్పుడైనా బాగు చేయించుకోవచ్చు, రేకు పోతే బండి పోయినట్టే, నువ్వు ముందు రేకు తట్టి చూడు" అని.

ఈ మాట నిజంగా విలువైంది, కాస్త వివరంగా చెప్తా. వెస్పా 1946లో ఇటలీలోని పోంతెదేరాలో పుట్టింది. పియాజ్జో కంపెనీ అప్పటిదాకా విమానాలు చేసేది, యుద్ధంలో ఫ్యాక్టరీ దెబ్బతింది, జనానికి చవకగా తిరగడానికి ఒక బండి కావాలి, ఆ పని కొర్రాదీనో దాస్కానియో అనే ఆయనకి అప్పజెప్పారు. ఆయన విమానాల ఇంజినీరు. మామూలు మోటార్‌సైకిల్‌లా పైపులతో ఫ్రేమ్ (నాన్న ఛాసిస్ అన్నది దాన్నే) చేసి దాని మీద రేకులు బిగించకుండా, ప్రెస్ చేసిన స్టీలు రేకుతోనే మొత్తం ఒళ్ళు చేసేశాడు, బరువంతా ఆ ఒళ్ళే మోస్తుంది, కోడిగుడ్డుకి పెంకే బలం అయినట్టు. ముందు చక్రాన్ని కూడా రెండు వైపులా ఫోర్క్ లేకుండా ఒక పక్కనుంచే ఒక ఆర్మ్‌తో పట్టి ఉంచాడు, విమానం చక్రం ఎలా ఉంటుందో అలా. లాంబ్రెట్టా పద్ధతి ఇది కాదు, దానికి లోపల పైపు ఫ్రేమ్ ఉంటుంది, బయటి డోములు, అంటే వెనక రెండు పక్కలా ఉండే ఉబ్బెత్తు రేకులు, విప్పి పక్కన పెట్టేయొచ్చు. అందుకే పుష్పక్‌కి డోము సొట్ట పోతే వేరేది బిగించుకునేవాళ్ళు, చేతక్‌కి నడుము దగ్గర రేకు తుప్పు పడితే మాత్రం వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళేవాళ్ళని నాన్న చెప్తుంటాడు. మన దేశంలో 60లలో బజాజ్ వాళ్ళు పియాజ్జో లైసెన్సుతో వెస్పాలే చేశారు, 1971లో ఆ ఒప్పందం అయిపోయాక చేతక్ వచ్చింది, 80లలో కాన్పూర్‌లో ఎల్ఎంఎల్ వాళ్ళు పియాజ్జోతో కలిశారు, చివరికి 2012లో పియాజ్జో సొంతంగా మహారాష్ట్రలోని బారామతి ఫ్యాక్టరీ నుంచి ఎల్ఎక్స్ 125 అనే వెస్పా తెచ్చింది. గేర్లు పోయాయి, టూ స్ట్రోక్ పోయింది, ఆయిల్ కలపడం పోయింది, కానీ రేకు ఒళ్ళు, ఒంటికాలి ముందు చక్రం అలాగే ఉన్నాయి. సెకండ్ హ్యాండ్‌లో మనకి ఎక్కువగా దొరికేవి ఈ 2012 తర్వాతవే.

వీటిల్లో ఏ సంవత్సరం బండి కొనాలన్నది కూడా ఆలోచించాలి. 2012లో వచ్చిన మొదటి ఎల్ఎక్స్‌కి ముందు కూడా డ్రమ్ బ్రేకే, సిటీలో ఇప్పుడున్న ట్రాఫిక్‌కి నాకు ముందు డిస్క్ లేకుండా వద్దు. 2015లో వీఎక్స్ఎల్, ఎస్ఎక్స్ఎల్ వచ్చాయి, వీఎక్స్ఎల్‌కి గుండ్రటి లైటు, ఎస్ఎక్స్ఎల్‌కి పలకల లైటు, 125లోనూ 150లోనూ ఉన్నాయి. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్ 4 అనే పొగ రూల్, అప్పట్నుంచి హెడ్‌లైట్ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. 2019 ఏప్రిల్ నుంచి రూల్ మారి 125 దాకా సీబీఎస్ (ఒక బ్రేకు నొక్కితే రెండు చక్రాలకీ పడేది), ఆపైన ఏబీఎస్ (గట్టిగా బ్రేకేసినా చక్రం పట్టేయకుండా చూసేది) తప్పనిసరి అయ్యాయి, 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6, అంటే పెట్రోల్‌ని గాలితో కలిపి ఇంజిన్‌కి పంపే కార్బురేటర్ పోయి, సెన్సార్ల లెక్కతో పెట్రోల్ చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. ఇంజెక్షన్ బండి పొద్దున్నే ఒక్క బటన్‌తో స్టార్ట్ అవుతుంది కానీ సెన్సార్ ఏదైనా పోతే గల్లీ మెకానిక్ చేతికి దొరకదు, షోరూమ్‌కే వెళ్ళాలి, వెస్పా సర్వీస్ సెంటర్లు హోండావి ఉన్నట్టు సందుకొకటి ఉండవు. కార్బురేటర్ అయితే మా మెకానిక్ కళ్ళు మూసుకుని విప్పుతాడు. అందుకే 2019 మధ్య నుంచి 2020 మార్చి లోపు రిజిస్టరైన వీఎక్స్ఎల్ 125 కావాలని పెట్టుకున్నా, డిస్క్, సీబీఎస్, కార్బురేటర్ మూడూ ఒకే బండిలో దొరికేది ఆ కొద్ది నెలల్లోనే.

ముందు ఒక ఆటో కన్సల్టెన్సీలో చూసా. తెల్ల బండి, తళతళా మెరుస్తోంది, సీట్ కవర్ కొత్తది, మ్యాట్ కొత్తది, అద్దంలా ఉంది. నేను బ్యాగులోంచి ఫ్రిజ్ మీద అంటించే మాగ్నెట్ తీసి, గీతలు పడకుండా చేతిరుమాలులో చుట్టి డోముల మీద అక్కడక్కడా పెట్టి చూసా. స్టీలు రేకు కాబట్టి గట్టిగా పట్టుకోవాలి. కుడి డోము పైన టక్కుమని అంటుకుంది, కింద వంపు దగ్గర పెడితే జారిపోయింది. నాన్న చెప్పినట్టు వేలి కణుపుతో తట్టా, పైన ఖంగుమంది, కింద దబ్ దబ్‌మని చెక్కని కొట్టినట్టుంది. అంటే కింద రేకు సొట్ట పోయి ఉంది, దాన్ని పూర్తిగా పైకి లాగకుండా పుట్టీ నింపి పెయింట్ కొట్టేశారు. "అన్నా, బండి పడిందా" అంటే "చిన్న గీత మేడమ్, పాలిష్ కొట్టించాం" అన్నాడు. సరే కింద చూద్దామని "ఈ మ్యాట్ తియ్యన్నా ఒకసారి" అన్నా. దాన్ని కదిలించడానికి ఇష్టపడలేదు, కొత్తది మేడమ్, తీస్తే పాడవుతుంది అన్నాడు. రెట్రో స్కూటర్‌లో వాన నీళ్ళు చేరేదీ, కాళ్ళ బురద చేరేదీ ఆ మ్యాట్ కిందే, తుప్పు అక్కడే మొదలవుతుంది, అది చూపించకపోతే బండి చూపించనట్టే, నమస్కారం పెట్టి వచ్చేశా. పుట్టీ ఉంటే బండి పనికిరాదని కాదు, ఒకచోట చిన్న సొట్టకి పుట్టీ పెట్టి ఉంటే నేనూ పట్టించుకోను, కానీ డోము కింద అంచు నుంచి నడుము దాకా దెబ్బ ఉంటే మొత్తం ఒళ్ళే పక్కకి తిరిగి ఉండే ఛాన్స్ ఉంది, ఆ బండి చేతులు వదిలితే ఒక పక్కకి లాగుతూనే ఉంటుంది, దాన్ని పూర్తిగా సరిచేయడం చాలా కష్టం.

మాకు దొరికిన బండి పద్మారావునగర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉంది. రిటైరైన పెద్దాయన, వాళ్ళమ్మాయి కోసం 2019లో కొన్నారు, ఆ అమ్మాయి చదువుకోవడానికి కెనడా వెళ్ళి అక్కడే ఉండిపోయింది, బండి కవర్ కింద ఉండిపోయింది. ఎరుపు రంగు వీఎక్స్ఎల్ 125. కవర్ తీయగానే దుమ్ము లేచింది, టైర్లలో గాలి లేదు, బ్యాటరీ చచ్చిపోయి ఉంది, అయినా నాకు ఆ మురికి చూసి ధైర్యం వచ్చింది, ఎందుకంటే మీద ఎవరూ చెయ్యి పెట్టలేదు, ఉన్నది ఉన్నట్టు కనిపిస్తోంది. ఎరుపు రంగులో ఒక మంచి గుణం ఉంది, ఎండకి వెలుస్తుంది కాబట్టి ఒక్క డోముకే మళ్ళీ పెయింట్ కొట్టి ఉంటే షేడ్ తేడా ఇట్టే తెలిసిపోతుంది. సెల్లార్‌లో ట్యూబ్‌లైట్ కింద కాకుండా బండిని నెట్టించుకుని గేటు బయట ఎండలోకి తెచ్చి చూశాం, మీరూ రంగు ఎప్పుడూ పగటి వెలుతురులోనే చూడండి. ముందు రేకు, రెండు డోములు, హ్యాండిల్, అన్నీ ఒకే ఎరుపు. ఎడమ డోము అంచున పార్కింగ్‌లో గోడకి రాసుకున్న గీత ఉంది, అక్కడ పెయింట్ లేచి లోపలి రేకు కనిపిస్తోంది, దాని మీద లేత గోధుమ రంగు తుప్పు, వేలితో రుద్దితే పొడిలా వచ్చేసింది, కింద గట్టి రేకు తగిలింది. పైపొర తుప్పు అంటే అదీ. పెయింట్ బుడగలా ఉబ్బి, గోరుతో నొక్కితే పెళుసుగా విరిగి లోపలికి పోతే మాత్రం అది రేకుని తినేసిన తుప్పు, అలాంటిది నడుము దగ్గరో సీటు కిందో కనిపిస్తే రేటు ఎంత తగ్గించినా తీసుకోవద్దు.

"అంకుల్, కాళ్ళ దగ్గర మ్యాట్ తీసి చూడొచ్చా" అని అడిగా. "చూసుకోమ్మా, నీకెలా కావాలంటే అలా చూసుకో" అని ఆయనే పైనుంచి స్క్రూడ్రైవర్ తెచ్చిచ్చారు. కింద ఇసుక, ఎండిపోయిన వేపాకు, ఒక రూపాయి బిళ్ళ, రేకు మాత్రం శుభ్రంగా ఉంది, స్క్రూ రంధ్రాల చుట్టూ మాత్రం కొంచెం ఎర్రగా ఉంది. తర్వాత సీటు ఎత్తి లోపల ఉండే బకెట్ పైకి లాగేశాం, ఈ బండిలో అది చేత్తో వచ్చేస్తుంది, కింద ఇంజిన్ మొత్తం కనిపిస్తుంది. అక్కడ టార్చ్ వేసి ఆయిల్ కారిన మరకలు ఉన్నాయా, వైర్లు ఎలుకలు కొరికాయా, రేకు అతుకుల దగ్గర మళ్ళీ వెల్డింగ్ చేసిన గుర్తులున్నాయా చూడాలి. ఫ్యాక్టరీ అతుకు చిన్న చిన్న గుండ్రటి చుక్కల్లా వరసగా, ఒకే దూరంలో ఉంటుంది, షాపులో చేసింది గడ్డలు గడ్డలుగా ఉంటుంది, ఒకసారి చూస్తే తేడా మళ్ళీ మర్చిపోరు.

మీటర్ పదకొండు వేల చిల్లర చూపిస్తోంది. మీటర్ని నమ్మాలా వద్దా అని అందరికీ ఉండే అనుమానమే, దానికి నేను టైరు చూస్తా. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. దీని మీద 2819 ఉంది, అంటే 2019లో 28వ వారంలో తయారైన టైరు, ఆర్సీలో రిజిస్ట్రేషన్ అక్టోబర్ 2019. బండితో వచ్చిన టైరే ఇంకా ఉంది, గాళ్ళు కూడా మిగిలి ఉన్నాయి, పదకొండు వేలకి సరిపోయింది. అదే పదకొండు వేలు చూపించే బండికి టైర్లు రెండుసార్లు మారి ఉంటే అప్పుడు అడగాల్సిందే. బ్రేక్ లివర్ల చివర్లు, కిక్ రాడ్ రబ్బరు, హ్యాండిల్ గ్రిప్పులు, ఇవి ఎంత అరిగాయో కూడా చూడండి.

స్టార్ట్ చేయకుండా బండి కొనను కాబట్టి మా మెకానిక్ భాయ్‌ని బ్యాటరీతో సహా రమ్మన్నా. ఆయన చిలకలగూడలో పాతికేళ్ళుగా స్కూటర్లే చేస్తున్నాడు. వచ్చీ రాగానే ట్యాంకు మూత తీసి వాసన చూసి "అక్కా, ఈ పెట్రోల్ వార్నిష్ అయిపోయింది, ముందు ఇది తీసేయాలి" అన్నాడు. నెలల తరబడి నిలవ ఉన్న పెట్రోల్ చిక్కబడి కార్బురేటర్ జెట్లలో జిగురులా పట్టేస్తుంది. పైగా ఇప్పుడు పంపుల్లో వచ్చేది ఇథనాల్ 20 శాతం కలిపింది, ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది, 2023 ఏప్రిల్ ముందు తయారైన బండ్లలో చాలావాటి రబ్బరు పైపులు, వాషర్లు దానికోసం చేసినవి కావు, అందుకని పాత కార్బురేటర్ బండి కొన్నవాళ్ళు పెట్రోల్ పైపు మార్పించేసుకోవడం మంచిది, చాలా చిన్న ఖర్చు. ఆ పని అయ్యాక సెల్ఫ్ కొడితే కొంచెం దగ్గి స్టార్ట్ అయింది, పొగ కాసేపు తెల్లగా వచ్చి ఆగిపోయింది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించుకోండి, మీరు వెళ్ళేసరికే వేడిగా ఉంచితే దాని అసలు సంగతి బయటపడదు. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఆయిల్ కాలుతోందని అర్థం.

టైర్లలో గాలి కొట్టి గల్లీలోనే మెల్లగా నడిపించుకుని చూశాం. కదిలేటప్పుడు వెనక గడగడా వణికితే క్లచ్, బెల్టు, రోలర్ల వైపు చూడాలి, వాటికి ఖర్చు ఉంటుంది కానీ భయపడాల్సింది కాదు, అప్రిలియా ఎస్ఆర్ కూడా ఇదే బారామతి ఫ్యాక్టరీలో ఇదే ఇంజిన్ కుటుంబంతో వచ్చింది కాబట్టి లోపలి సామాను దొరుకుతుంది. దొరకడం కష్టమైంది బయటి సామానే, హెడ్‌లైట్ చుట్టూ ఉండే క్రోమ్ రింగ్, అద్దాలు, ముందు హారన్ మూత, ఇవి పగిలి ఉంటే స్పేర్ పార్టుల షాపులుండే పుత్లీబౌలి, రాణిగంజ్ అంతా తిరిగినా ఒరిజినల్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు, ఆర్డర్ పెట్టి ఆగాలి, అందుకని అవన్నీ ఉన్న బండికి ఓ రెండు వేలు ఎక్కువిచ్చినా నష్టం లేదు. ముందు చక్రం దగ్గర గుంతలో టక్ టక్ అని చిన్న శబ్దం వస్తోంది, "బుష్ అక్కా, మార్చేద్దాం, ఆర్మ్ మాత్రం తిన్నగుంది" అన్నాడు భాయ్. ఆ ఒంటికాలి ఆర్మ్ వంగి ఉంటే వద్దనేవాడే. సాఫీ రోడ్డు మీద వెళ్తూ బండి ఒక పక్కకి లాగుతుందా అని చూశాడు, వెనకనుంచి నేను రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా అని చూశా. ఉన్నాయి.

పెద్దాయన 55,000 చెప్పారు, నేను టైర్లు, బ్యాటరీ, బెల్టు, బుష్, కార్బురేటర్ సర్వీస్ లెక్కంతా కాగితం మీద రాసి చూపించా, 48,000కి ఒప్పుకున్నారు. 2025 సెప్టెంబర్‌లో 350 సీసీ లోపు బండ్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది కదా, కొత్త బండ్ల రేట్లు దిగాయి, కాబట్టి పాత బండి అమ్మేవాళ్ళు అంతకుముందు రేట్లే చెప్తుంటే ఆ మాట మర్యాదగా గుర్తు చేయొచ్చు.

ఇక కాగితాలు. రేకు తర్వాత నేను ఎక్కువ టైం పెట్టింది వీటి మీదే. బండి నంబర్‌తో ట్రాఫిక్ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో చూస్తే రెండు హెల్మెట్ చలాన్లు ఉన్నాయి, అవి ఆయనే అక్కడికక్కడే కట్టేశారు. 2022లో, మళ్ళీ 2023 చివర్లో చలాన్లకి భారీ డిస్కౌంట్ ఇచ్చారు కదా, మళ్ళీ ఇస్తారేమోనని పెండింగ్‌లో పెట్టుకున్న బండ్లు చాలా ఉన్నాయి, అవి మీ మెడకి చుట్టుకోకుండా చూసుకోండి. ఆర్సీలో హైపోథికేషన్ అని బ్యాంకు పేరుందంటే లోన్ తీరిపోయిందని నోటిమాటగా చెప్తే చాలదు, బ్యాంకు ఎన్ఓసీ, ఫారం 35 ఉండాలి. ఇంజిన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఆర్సీతో పోల్చి చూడండి, మళ్ళీ చెప్తున్నా, ఈ బండికి రేకే ఛాసిస్ కాబట్టి ఆ నంబర్ రేకు మీదే కొట్టి ఉంటుంది, దాని చుట్టూ గీకినట్టో కొత్త పెయింట్ వేసినట్టో ఉంటే అక్కడే ఆగిపోవాలి.

పేరు మార్పిడికి ఫారం 29, ఫారం 30. అమ్మినాయన అదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లోపు ఆర్టీఏకి తెలియజేయాలి, కొన్నవాళ్ళు 30 రోజుల్లోపు తమ పేరు మీదకి మార్చుకోవాలి. చాలామంది సంతకాలు పెట్టిన ఖాళీ ఫారాలు తీసుకుని ఏళ్ళ తరబడి అలాగే తిరుగుతుంటారు. ఇది ఇద్దరికీ ప్రమాదం. ఆర్సీలో ఎవరి పేరుంటే చట్టం లెక్కలో వాళ్ళే ఓనరు, యాక్సిడెంట్ అయితే పరిహారం భారం వాళ్ళ మీదే పడుతుందని 2018లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నేను ఈ సంగతి చెప్తే పెద్దాయనే తొందరపడి స్లాట్ బుక్ చేయించారు, మంచిదే అయింది. ఆంధ్రా నంబర్ బండి అయితే ఫారం 28 ఎన్ఓసీ తెచ్చి ఇక్కడ మళ్ళీ లైఫ్ ట్యాక్స్ కట్టాలి, ఆ లెక్క ముందే వేసుకోండి. ఏపీ 09, ఏపీ 10, ఏపీ 11 లాంటి నంబర్లు చూసి మాత్రం కంగారు పడకండి, 2014లో రాష్ట్రం విడిపోకముందు హైదరాబాద్‌లో రిజిస్టరైన బండ్లవి. కాకపోతే 2012 బండి కొంటే 15 ఏళ్ళ రిజిస్ట్రేషన్ 2027లో అయిపోతుంది, మళ్ళీ రెన్యువల్, గ్రీన్ ట్యాక్స్ ఉంటాయి.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక చిక్కుంది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూ వీలర్లకి ఐదేళ్ళ థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు, అందుకని 2019 బండి కొన్నవాళ్ళు ఇన్సూరెన్స్ ఉందిలే అన్న ధీమాతో ఉండిపోతారు, ఆ ఐదేళ్ళూ 2024లోనే అయిపోయాయి. సొంత డ్యామేజీకి అయితే చాలా పాలసీల్లో మొదటి ఏడాదే. మా బండికీ అయిపోయి ఉంది, రోడ్డెక్కించకముందే కొత్త పాలసీ తీసుకున్నా. పాలసీ నడుస్తున్న బండి కొంటే 14 రోజుల్లోపు మీ పేరుకి మార్చమని కంపెనీకి రాయాలి, అమ్మినవాళ్ళ నో క్లెయిమ్ బోనస్ మీకు రాదు, అది వాళ్ళతోనే పోతుంది.

ఇప్పుడు రోజువారీ సంగతి. తార్నాక, మెట్టుగూడ, సంగీత్ చౌరస్తా, ప్యాట్నీ, ప్యారడైజ్, రసూల్‌పురా, బేగంపేట. కూర్చుంటే వీపు నిటారుగా ఉంటుంది, ముందు రేకు వెడల్పుగా ఉండటంతో వానలో మోకాళ్ళ కింద పెద్దగా తడవదు, చీర కట్టుకున్నా చుడీదార్ వేసుకున్నా ఇబ్బంది లేదు. ప్యాట్నీ దగ్గర సిగ్నల్‌లో పక్కన ఆటో ఆయన "మేడమ్, పాత బండా కొత్త బండా" అని అడిగాడు, నాకు చాలా సంతోషంగా అనిపించింది. మైలేజీ 40కి అటూ ఇటూ, యాక్సెస్ వాళ్ళు ఇంకా ఎక్కువ చెప్తారు, ఒప్పుకుంటా. బరువు ఎక్కువ, 115 కిలోల దాకా ఉంటుంది, సెంటర్ స్టాండ్ వేయడానికి కాలు బలంగా నొక్కాలి. చక్రాలు చిన్నవి, ముందు 11 అంగుళాలు, వెనక 10, జూపిటర్ లాంటి వాటికి రెండూ 12 కాబట్టి మెట్టుగూడలో వానాకాలం తర్వాత పడే గుంతల్లో అవి సాఫీగా దాటేస్తాయి, ఇది మాత్రం దిగ్గున పడుతుంది, చూసి నడపాలి. పెట్రోల్ కొట్టించుకోవడానికి సీటు ఎత్తాలి, అంటే బంకులో ప్రతిసారీ దిగాల్సిందే.

ఇంట్లో ఒక్కటే బండి ఉండి, దాని మీదే ముగ్గురు వెళ్ళాలి, సిలిండర్ తేవాలి, బియ్యం బస్తా తేవాలి అనుకునేవాళ్ళకి నేను వెస్పా చెప్పను, యాక్సెస్ తీసుకోండి, హాయిగా ఉంటుంది. సర్వీస్ సెంటర్ దూరంగా ఉన్న చిన్న ఊళ్ళలో కూడా ఆలోచించుకోండి. సిటీలో రోజుకి ఇరవై కిలోమీటర్ల లోపు, ఒక్కరు లేదా పిల్లతో ఇద్దరు, పార్కింగ్ నీడలో ఉంది, నమ్మకమైన మెకానిక్ ఉన్నాడు, ఇలాంటి వాళ్ళకైతే ధైర్యంగా చెప్తా.

కొన్నాక చేయించినవి: రెండు టైర్లు, బ్యాటరీ, బెల్టు, ముందు బుష్, పెట్రోల్ పైపు, ఇంజిన్ ఆయిల్, గేర్ ఆయిల్, మొత్తం పది వేల చిల్లర. టైర్లలో గాళ్ళు మిగిలే ఉన్నా పక్కలు పగుళ్ళిచ్చాయి, ఆరేళ్ళ రబ్బరు మీద పాపని ఎక్కించుకోలేను. ఎడమ డోము గీత దగ్గర తుప్పు గీకించి, ప్రైమర్ కొట్టించి, అంతవరకే టచప్ చేయించా, మొత్తం పెయింట్ వద్దన్నా, ఫ్యాక్టరీ రంగు ఉన్న బండికి ఉన్న విలువ మళ్ళీ పెయింట్ కొట్టిన బండికి రాదు. మ్యాట్ కింద కూడా శుభ్రంగా కడిగి, ఆరబెట్టి, స్క్రూ రంధ్రాల చుట్టూ తుప్పు పట్టకుండా భాయ్ ఏదో నల్లటి కోటింగ్ పూశాడు, ప్రతి వానాకాలం అయ్యాక ఒకసారి మ్యాట్ ఎత్తి చూసుకోమన్నాడు. నాన్న దసరాకి వస్తానన్నాడు, వచ్చి తనే తట్టి చూస్తాడట.